వెనక బెంచీలో కూర్చునే మనిషి

(మాస్టారి స్మారకోపన్యాసం - పూర్తి పాఠం)



ఈ ఏటి ఉపన్యాసం నన్ను ఇమ్మన్నప్పుడు మొదట వద్దనే అన్నాను. ఇంతకు ముందు ఈ వేదిక మీద మాట్లాడినవాళ్లు యూనివర్సిటీలు నడిపినవాళ్లు, పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు. నేను హైస్కూల్లో కొన్నాళ్లు లెక్కలు చెప్పి, తర్వాత రిటైరయ్యేదాకా బీఈడీ పిల్లలకు గణితం మెథడాలజీ చెప్పిన మనిషిని. కానీ మాస్టారి అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు మీ పాఠానికొచ్చి వెనక కూర్చున్నారట కదండీ, ఆ సంగతి చెప్పండి చాలు" అన్నారు. ఆ మాట కాదనలేకపోయాను.

మాస్టారి పూర్తి పేరు ఆహ్వాన పత్రికలో ఉంది. మనలో ఎవరమూ ఆ పేరుతో ఆయన్ని పిలవలేదు. మా ట్రైనింగ్ కాలేజీలో మిగతావాళ్లంతా సార్లు, మేడమ్‌లు. మాస్టారంటే ఆయనొక్కరే. నేనూ ఇవాళ అలాగే అంటాను.

1983 నవంబరు. అప్పట్లో బీఈడీ ఏడాది చదువు. రెండు మెథడ్లకూ కలిపి 40 పాఠాలు చెప్పాలి, 40 లెసన్ ప్లాన్లు రాయాలి, ప్రతి దాని మీదా సంతకం పడాలి. నాకు ఊళ్లోని మునిసిపల్ హైస్కూల్లో ఆరో తరగతి ఇచ్చారు. పాఠం భిన్నాలు. ముందు రాత్రి రెండింటి దాకా కూర్చుని చార్టు గీశాను. రోలప్ బోర్డు చంకన పెట్టుకుని, రంగు చాక్‌పీసుల డబ్బా పట్టుకుని, సన్నాహం నుంచి పునర్విమర్శ దాకా సోపానాలన్నీ మనసులో వల్లె వేసుకుంటూ క్లాసులోకి వెళ్లాను. వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని మాస్టారు కూర్చున్నారు. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి. చేతిలో చిన్న నోటుబుక్కు.

పాఠం బాగా జరిగిందనుకున్నాను. అడిగిన ప్రతి ప్రశ్నకూ చేతులు లేచాయి. చార్టు జారిపోలేదు. గంట కొట్టే సమయానికి ఇంటిపని కూడా ఇచ్చేశాను. బయటికొచ్చాక వేపచెట్టు కింద మాస్టారు నన్ను ఆపారు. నా చార్టు గురించి గానీ బోర్డు మీద నా రాత గురించి గానీ ఒక్క మాట అనలేదు.

"అమ్మాయ్, మూడో వరుసలో గోడ పక్కన కూర్చున్న పిల్ల నీ పాఠం ఎక్కడ వదిలేసిందో చూశావా?" అన్నారు.

నేను చూడలేదు. నిజం చెప్పాలంటే అక్కడ ఒక పిల్ల ఉందనే నాకు గుర్తు లేదు.

"పదకొండూ ఇరవైకి వదిలేసింది. నువ్వు ఒకటి బై మూడు పెద్దదా, ఒకటి బై నాలుగు పెద్దదా అని అడిగావు. ముందు బెంచీవాళ్లు మూడో వంతే పెద్దదన్నారు. నువ్వు శభాష్ అని ముందుకెళ్లిపోయావు. ఆ పిల్ల అప్పటికే పలక మీద నాలుగు పెద్దదని రాసుకుంది. నువ్వు శభాష్ అనగానే చెరిపేసి, ఇక మళ్లీ రాయలేదు."

ఆ పిల్లను పిలిపించారు. వాళ్లమ్మ మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. సాయంత్రం పూట తూకం ఈ పిల్లే వేస్తుంది. మాస్టారు నేల మీద చతికిలబడి, అర కిలో ఎక్కువా, పావు కిలో ఎక్కువా అని అడిగారు. ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వింది. పావులో సగమెంత అన్నారు. నూటపాతిక గ్రాములంది. ఎన్ని నూటపాతికలు వేస్తే కిలో అవుతుందన్నారు. వేళ్లు మడవకుండానే ఎనిమిదంది. మాస్టారు చాక్‌పీసుతో సిమెంటు గట్టు మీద ఒకటి కింద రెండు, ఒకటి కింద నాలుగు, ఒకటి కింద ఎనిమిది వరసగా రాసి, ఏది ఏ తూకమో కలపమన్నారు. కలిపింది. కాసేపు వాటి వంక చూసి, "కింద అంకె పెద్దదైపోతుంటే పైన సరుకు తగ్గిపోతోంది మాస్టారూ" అంది.

ఆ పిల్లకు భిన్నాలు నాకన్నా ముందే వచ్చు. అర, పావు, ముప్పావు అనే మాటలతో వచ్చు. నేను ఒకటి బై నాలుగు అన్న మాట పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను. రెంటికీ మధ్య ఒక మెట్టు కావాలి. అది నేను కట్టలేదు. కట్టాలని కూడా నాకు తెలియదు. నేను బీఎస్సీ గణితం ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మాస్టారు నాతో అన్నది ఇంతే: "లెక్కలు నీకొచ్చమ్మా. ఈ పిల్లకు లెక్క ఎక్కడ ఆగిందో కనిపెట్టడం వేరే విద్య. దానికోసమే మన కాలేజీ."

ఆ తర్వాత కొన్నేళ్లకు ఎంఈడీలో లీ షుల్‌మన్ అనే అమెరికన్ పండితుడి గురించి చదివాను. విషయం తెలియడం ఒకటి, బోధన పద్ధతులు తెలియడం ఇంకొకటి, ఈ రెండూ కలిసిపోయి ఆ విషయాన్ని ఈ పిల్లలకు ఎలా అందించాలో తెలిసిన జ్ఞానం మూడోది అని ఆయన 1986లో చెప్పారు. టీచర్‌కు ప్రత్యేకంగా ఉండాల్సింది ఆ మూడోదేనన్నారు. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ మాటను ఉటంకిస్తుంది. నాకు మాత్రం అది చదివినప్పుడు ఆ వేపచెట్టూ, సిమెంటు గట్టూ కళ్లముందుకొచ్చాయి.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ మూడో జ్ఞానం గురించి. దాన్ని మన డిగ్రీలు ఎక్కడ ఇస్తున్నాయి, ఎక్కడ ఎగ్గొడుతున్నాయి అన్నది నా ప్రశ్న. బీఈడీ ఏడాదా, రెండేళ్లా, నాలుగేళ్లా అని నలభై ఏళ్లుగా వాదులాడుకుంటున్నాం. ఆ వాదనలో నేనూ గొంతు కలిపాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే ఏ డిగ్రీనైనా ఒక్క ప్రశ్నతో తూయవచ్చనిపిస్తోంది. కాబోయే టీచరు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారు? ఎన్నిసార్లు కూర్చున్నారు? తర్వాత ఏం మాట్లాడారు?

కొంచెం వెనక్కి వెళ్దాం. మద్రాసు రాజధానిలో టీచర్ల కోసం ప్రభుత్వ నార్మల్ స్కూలు 1856లో మొదలైంది. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. మన తాతల కాలంలో సైదాపేట వెళ్లొచ్చాడంటే టీచర్ ట్రైనింగ్ పట్టా ఎల్.టి. పాసయ్యాడని అర్థం. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ వచ్చాక మనవాళ్లకు ఆ ప్రయాణం తగ్గింది. 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను కూడా మరుసటి ఏడాది సైదాపేటకు శిక్షణకు పంపించారు. తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసినంత మాత్రాన పాఠం చెప్పడం వచ్చేసినట్టు కాదని ఆనాటి ప్రభుత్వం అనుకుంది. సెప్టెంబరు 5న ఆయనకు దండలు వేసేటప్పుడు ఈ సంగతి కూడా తలచుకోవాలి.

ఎల్.టి. పోయి బీటీ వచ్చింది, బీటీ పోయి బీఈడీ వచ్చింది. పేర్లు మారినా మొదటి నుంచీ ఒక గీత అలాగే ఉండిపోయింది. హైస్కూలు టీచరుకు యూనివర్సిటీ డిగ్రీ, చిన్న పిల్లల టీచరుకు సర్టిఫికెట్. లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు, సెకండరీ గ్రేడు అన్న ఆ మాటల్లోనే అంతా ఉంది. ఇప్పటికీ మనం ఒకటో తరగతి చెప్పే మనిషిని సెకండరీ గ్రేడ్ టీచర్ అనే పిలుస్తున్నాం. ఎస్‌జీటీ అన్న మూడక్షరాలు ఎక్కడివని ఈ తరం పిల్లల్ని అడిగితే చెప్పలేరు. చిన్న పిల్లలకు చెప్పడానికి చిన్న చదువు చాలన్న ఆ ఆలోచన శతాబ్దం దాటినా మనల్ని వదల్లేదు. నాకు తెలిసినంతలో బడిలో అన్నిటికన్నా కష్టమైన పని ఒకటో తరగతి పిల్లకు చదవడం నేర్పడం. ఆ పని చేసే మనిషికే మనం అందరికన్నా తక్కువ చదువు ఇచ్చాం.

ఈ పాత పద్ధతిని మార్చాలన్న ప్రయత్నాలు రెండు దిక్కుల నుంచి వచ్చాయి. మొదటిది మైసూరు. 1961లో ఎన్‌సీఈఆర్‌టీ పుట్టాక 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో నాలుగు ప్రాంతీయ కళాశాలలు వచ్చాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తోడ్పడ్డారు. ఇంటర్ అయిన పిల్లను తీసుకుని నాలుగేళ్లలో భౌతికశాస్త్రమూ, ఆ భౌతికశాస్త్రాన్ని పిల్లలకు చెప్పడమూ కలిపి నేర్పి బీఎస్సీ ఎడ్ పట్టా ఇవ్వడం అక్కడి పద్ధతి. మన తెలుగు పిల్లలు ఎందరో ఆ మైసూరు కాలేజీలో చదివి వచ్చారు. ఒకసారి సెమినార్‌కని వెళ్లి ఆ ఆవరణలో తిరిగాను. కాలేజీ ఉన్న ప్రాంగణంలోనే బడి ఉంది. దాని పేరే డిమాన్‌స్ట్రేషన్ స్కూలు. లెక్చరరు తన గదిలోంచి లేచి నడిచి వెళ్తే చాలు, క్లాసులో వెనక బెంచీ దగ్గరికి చేరతాడు. బస్సు లేదు, టీఏ బిల్లు లేదు. ఆ దగ్గరతనం నా మనసులో గట్టిగా నాటుకుంది. అయినా ఆ నాలుగు కాలేజీలు చాలా ఏళ్లు నాలుగు ద్వీపాల్లాగే మిగిలిపోయాయి. దేశమంతా ఏడాది బీఈడీ దారినే పోయింది.

రెండోది ఢిల్లీ. 1994లో ఢిల్లీ యూనివర్సిటీ బీఎల్ఎడ్ అని నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది. అది ఒకటి నుంచి ఎనిమిది తరగతుల టీచర్ల కోసం. చిన్న పిల్లల టీచరుకు కూడా పూర్తి యూనివర్సిటీ డిగ్రీ కావాలని మన దేశంలో గట్టిగా చెప్పిన మొదటి చోటు అదే. మహిళా కళాశాలల్లో నడిపారు. రంగస్థలం, చేతిపనులు, పిల్లల్ని గమనించడం, తన బాల్యాన్ని తాను తిరిగి చూసుకోవడం, ఇవన్నీ అందులో పాఠాలు. నాలుగో ఏడాది నెలల తరబడి బడిలోనే. అది చదివిన ఒక అమ్మాయి హైదరాబాద్‌లో నాతో కలిసి ఒక వర్క్‌షాపులో పనిచేసింది. పిల్లలు తప్పు చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముఖంలో కుతూహలం కనబడేది. నాకది రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

మన సంగతికొద్దాం. 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా పథకం ఒకటి ప్రయోగంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. టీచర్లు దాన్ని అపెప్ అనేవాళ్లు. ఆరు సూత్రాలు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలి, ఇలా. అందులో ఒక్క దానికీ వంక పెట్టలేం. టీచర్ సెంటర్లలో కలుసుకుని టీచర్లు మాట్లాడుకోవడం నిజంగా మంచి అలవాటు. నేను అప్పుడు బళ్లు తిరిగాను. చాలాచోట్ల గోడకు గోడకు మధ్య తాడు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీశారు. ఆ బొమ్మల గురించి ఆ పిల్లతో మాట్లాడిన టీచర్లూ ఉన్నారు, తనిఖీ కోసం అంటించినవాళ్లూ ఉన్నారు. శిక్షణ అయ్యాక క్లాసులోకి వెళ్లి వెనక కూర్చున్న మనిషి ఉన్నచోట మొదటిది జరిగింది, లేనిచోట రెండోది జరిగింది. ఇది నేను కళ్లారా చూసిన తేడా.

1986 విద్యా విధానం వల్ల జిల్లాకో డైట్, అంటే టీచర్ల శిక్షణ సంస్థ, వచ్చింది. 1993లో చట్టం చేసి జాతీయ టీచర్ విద్యా మండలి ఎన్‌సీటీఈకి బీఈడీ కాలేజీల గుర్తింపు అప్పగించారు. తర్వాత ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పాలని లేదు. కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒక కాలేజీకి ప్రాక్టికల్స్ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. బల్ల మీద రికార్డులు దొంతరలు పెట్టారు. మొదటిది తెరిచాను. ముత్యాల్లాంటి రాత. రెండోది తెరిచాను, అదే రాత. మూడోదీ అంతే. మూడింట్లోనూ 'త్రిభుజం' అన్న మాటలో ఒకే తప్పు, ఒకే చోట. ఆ ముగ్గురూ ఏడాదిలో ఎన్నిసార్లు కాలేజీకి వచ్చారని అడిగాను. ఎవరూ చెప్పలేదు. నేను మార్కులు వేయనన్నాను. ఇంకొకరిని పిలిపించి వేయించుకున్నారు. ఆ ముగ్గురూ చెడ్డవాళ్లు కారు. ఒకమ్మాయి చంటిపిల్లతో వచ్చింది, ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టానని చెప్పింది. ఆమెకు పట్టా అమ్మారు. ఆమెకు రావాల్సిన విద్య ఆమెకివ్వలేదు. దోపిడీకి గురైంది ఆమె. ఆమె తర్వాత ఆమె దగ్గర చదివే పిల్లలు.

ఇది మన దగ్గరే జరిగిన సంగతి కాదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ దేశంలో టీచర్ల శిక్షణ మీద 2012లో నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్‌ను ప్రస్తావిస్తూ 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది: విడిగా నడుస్తున్న పదివేలకు పైగా టీచర్ ట్రైనింగ్ సంస్థల్లో ఎక్కువ భాగం చదువు చెప్పే ప్రయత్నమే చేయకుండా పట్టాలు అమ్ముకుంటున్నాయని. ప్రభుత్వమే తన విధాన పత్రంలో ఇంత మాట రాయడం చిన్న విషయం కాదు. ఆ వర్మ కమిషన్ ఇంకో మాట చెప్పింది. ప్రతి ట్రైనింగ్ సంస్థకూ ప్రయోగశాలలా ఒక బడి అనుబంధంగా ఉండాలని. కెమిస్ట్రీ డిగ్రీకి ల్యాబ్ లేకపోతే అనుమతి ఇవ్వం కదా. టీచరుకు ల్యాబ్ బడే. నివేదికలోని మిగతా సిఫార్సుల్లో చాలా వాటి గురించి చర్చలు జరిగాయి. ఈ ఒక్కదాని గురించి మాత్రం మన కాలేజీల్లో మాట వినబడదు.

వర్మ కమిషన్ తర్వాత బీఈడీ రెండేళ్లయింది. 2015 నుంచి అమలు. 20 వారాలు బడిలో ఉండాలన్నారు, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. కాగితం మీద ఇది 40 పాఠాల రోజుల కన్నా ఎంతో మెరుగు. నేను సంతోషించాను. కానీ ఏం జరిగింది? చాలాచోట్ల ఇంటర్న్‌షిప్ అంటే ఆ ట్రైనీ ఇంటికి దగ్గర్లో ఉన్న బడికి ఒక లెటర్ రాసిచ్చి పంపడం. ఆ బడిలో టీచర్ల కొరత ఉంటే ట్రైనీ చేతిలో క్లాసు పెట్టేస్తారు. అక్కడి హెడ్మాస్టరు మంచివాడైతే ఆ పిల్ల ఎంతో కొంత నేర్చుకుంటుంది, లేకపోతే అటెండెన్స్ రిజిస్టరు నింపుతూ, మధ్యాహ్న భోజనం లెక్కలు రాస్తూ గడుపుతుంది. 16 వారాల్లో కాలేజీ నుంచి ఒక్కరూ రాని ఇంటర్న్‌లను నేను ఎరుగుదును.

దూరం వల్ల రాలేదంటారు. లెక్క వేద్దాం. నేను లెక్కల టీచర్నే కదా. 50 మంది ట్రైనీలున్నారు. 16 వారాలు. ఒక్కొక్కరి పాఠాన్ని వారానికి ఒకసారి చూడాలనుకుంటే మొత్తం 800 పాఠాలు. కాలేజీలో ఎనిమిది మంది లెక్చరర్లుంటే మనిషికి 100. అంటే వారానికి ఆరు, రోజుకు ఒకటి. ఒక పీరియడ్ కూర్చోవడం, ఒక అరగంట మాట్లాడటం. బళ్లు దూరదూరంగా చెల్లాచెదురుగా కాకుండా ఒక మండలంలో, ఒక దారిలో ఉండేలా ముందే ఎంచుకుంటే ఇది సాధ్యం. మొదటి ఏడాది వాళ్ల క్లాసులు ఉంటాయి, నిజమే. అయినా సాధ్యమే. మాస్టారు ఆ రోజుల్లో సైకిల్ మీద చేసింది ఇదే. ఫిన్లాండ్‌లో 1970ల చివరి నుంచి ప్రైమరీ టీచరుకు కూడా మాస్టర్స్ డిగ్రీ కావాలంటున్నారని మనవాళ్లు తరచూ చెబుతారు. అక్కడి యూనివర్సిటీలకు సొంత శిక్షణ బళ్లున్నాయని, ఆ బళ్లలో టీచర్ల పనిలో కాబోయే టీచర్లకు నేర్పడం ఒక భాగమని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ డిగ్రీ ఆ బళ్ల మీద నిలబడింది.

ఇక 2023 ఆగస్టు 11. సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బీఈడీ చేసినవాళ్లు ఒకటి నుంచి ఐదు తరగతులకు అర్హులన్న 2018 నాటి ఎన్‌సీటీఈ ప్రకటన చెల్లదని. చిన్న పిల్లల బోధనకు వేరే శిక్షణ కావాలి, బీఈడీ అందుకోసం రూపొందింది కాదు అని ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన టీచర్ల నియామక ప్రకటన డీఎస్సీలో ఎస్‌జీటీ పోస్టులకు బీఈడీ వాళ్లను అనుమతిస్తే హైకోర్టు ఆపింది. ఆ వారమంతా నా ఫోను మోగుతూనే ఉంది. నా దగ్గర చదివిన పిల్లలు. పదేళ్లుగా డీఎస్సీ కోసం కోచింగ్ సెంటర్లలో కూర్చున్నవాళ్లు. "మేడమ్, ఇప్పుడు మేమేం చేయాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది. వాళ్ల బాధ నిజమైనది. తీర్పు కూడా సరైనదే. చిన్న పిల్లల విద్యను ఇన్నేళ్లూ మనం చిన్నచూపు చూశాం కాబట్టి, పెద్ద పట్టా ఉన్నవాడు చిన్న పనికి సరిపోతాడులే అనుకున్నాం కాబట్టి, ఈ పిల్లలు ఇరుక్కున్నారు. తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు కొత్త దారి ఐటెప్ అనే సమీకృత టీచర్ విద్య. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు, బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ, బీకాం బీఈడీ. 2023-24లో దేశమంతా 57 సంస్థల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. వరంగల్ ఎన్‌ఐటీ కూడా అందులో ఉంది. 2030 నాటికి టీచర్ కావాలంటే ఇదే కనీస అర్హత కావాలని 2020 విధానం చెబుతోంది. డిగ్రీ అయినవాళ్లకు రెండేళ్ల దారి, పీజీ ఉన్నవాళ్లకు ఏడాది దారి కూడా ఉంచింది. ఎన్‌ఐటీ లాంటి చోట టీచర్ తయారవ్వాలని అనుకోవడమే నాకు గర్వంగా ఉంది. పదిహేడేళ్ల పిల్ల ఇంజనీరింగ్ పిల్లల పక్కన కూర్చుని నేను టీచర్‌ని అవుతానని చెప్పుకునే రోజు రావాలి. మైసూరు అరవై ఏళ్ల క్రితం చేసిన పనిని దేశం ఇప్పటికి నెత్తికెత్తుకుంది.

నా భయం ఒక్కటే. పెద్ద సంస్థల్లో గొప్ప ప్రొఫెసర్లు ఉంటారు. గణితం, రసాయనశాస్త్రం అద్భుతంగా చెబుతారు. మునిసిపల్ స్కూల్లో ఆరో తరగతి వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు? ఆ పనికి ప్రమోషన్ లెక్కలో ఒక్క పాయింటు లేకపోతే ఎవరు కూర్చుంటారు? పేపర్లు అచ్చేస్తే పాయింట్లు, సెమినార్లకు వెళ్తే పాయింట్లు. మా కాలంలోనే ఇంటర్న్‌ల పాఠాలు చూడటానికి వెళ్లిన రోజును డ్యూటీ కింద రాసుకోవడానికి నేను ఆఫీసులో తగువు పడాల్సి వచ్చేది.

ఇంకో సంగతి. ఎంపిక. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డీఎస్సీలో పరీక్షకు 80, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కు 20. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రలో 2025లో 16,347 పోస్టులకు ఇలాగే ఎంపిక జరిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఇన్ని వేల ఇళ్లలో వెలుగొచ్చింది, సంతోషం. కానీ ఇది గమనించండి. ఆ 100 మార్కుల్లో పాఠం చెప్పి చూపించడానికి ఒక్క మార్కూ లేదు. ఒక మనిషి ఇంటర్న్‌షిప్ పేరుకి చేసి, కోచింగ్ సెంటర్లో రెండేళ్లు బిట్లు బట్టీ పట్టి, టీచర్‌గా చేరే రోజు దాకా ఎవరూ ఒక్కసారి కూడా ఆ మనిషి పాఠాన్ని సరిగ్గా చూడకుండానే ముప్ఫై ఏళ్ల ఉద్యోగానికి ఎంపికైపోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సుకు కూడా బండి నడిపి చూపించాలి. ఇంతమందికి డెమో పెట్టడం కుదరదంటారు. అందుకే డిగ్రీ లోపలే అది జరగాలి. అక్కడ చూసిన మనిషి పెట్టిన సంతకానికి విలువ ఉండాలి. మూడు రికార్డులు ఒకే చేతిరాతతో ఉన్నచోట ఏ సంతకానికీ విలువ ఉండదు.

వెనక బెంచీలో కూర్చుంటే ఏం కనబడుతుందో ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. సీతంపేట ఏజెన్సీలో ఒక బడికి నా ట్రైనీని చూడటానికి వెళ్లాను. సవర పిల్లలు. మా ట్రైనీ అబ్బాయి చక్కటి తెలుగులో పాఠం చెబుతున్నాడు. పిల్లలు ప్రతి ప్రశ్నకూ మౌనం. వెనక బెంచీలో నా పక్కన ఇద్దరు పిల్లలు వాళ్ల భాషలో ఆ పాఠం గురించే గుసగుసలాడుకుంటున్నారు. నాకు సవర రాదు. అయినా బోర్డు మీది బొమ్మను వేలితో చూపిస్తూ ఒకడు రెండోవాడికి వివరిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ముందు నిలబడ్డ మావాడికి మాత్రం మొద్దు పిల్లలు కనబడుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని పూనుకుని నేర్చుకున్నారు, ఆ భాషకు నిఘంటువు తయారుచేశారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కోయ, గోండి, కువి, కొండ, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఆ బడికి వెళ్లే మన ట్రైనీకి మాత్రం మనం ఒక్క సవర మాట నేర్పి పంపలేదు. ఆ రోజు పాఠం అయ్యాక ఆ ఇద్దరు పిల్లల్నీ పిలిచి, వాళ్లు చెప్పుకున్నది మావాడికి చెప్పమన్నాను. ఒకడు సవరలో చెప్పాడు, రెండోవాడు తెలుగులోకి మార్చాడు. పాఠం మొత్తం ఉంది అందులో. మావాడు మర్నాటి నుంచి ఆ ఇద్దరినీ పక్కన పెట్టుకుని పాఠం చెప్పాడు. ఇవాళ ఆ ప్రాంతంలోనే టీచరు. సవర మాట్లాడతాడు.

ఇక నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ ఉపన్యాసానికి పెట్టిన ఎండోమెంట్ వడ్డీ ఏటా ఎంతొస్తుందో, అందులో హాలు అద్దెకు, శాలువాకు, జ్ఞాపికకు, భోజనాలకు ఎంత పోతోందో కోశాధికారిగారిని అడిగి తెలుసుకున్నాను. ఈ ఏడాది నాకు శాలువా, జ్ఞాపిక వద్దని ముందే చెప్పాను, వారు మన్నించారు. వచ్చే ఏడాది నుంచి ఉపన్యాసం కాలేజీ హాల్లోనే పెట్టుకుందాం, భోజనం బదులు టీ ఇద్దాం. మిగిలిన డబ్బుతో మన కాలేజీ రెండో ఏడాది ఇంటర్న్‌ల బళ్లకు వెళ్లే లెక్చరర్లకు బస్సు ఛార్జీలు ఇద్దాం. లెక్చరర్లు చాలకపోతే రిటైరైన మాలాంటి వాళ్లం ఏడుగురం పేర్లు రాసిచ్చాం. బళ్ల జాబితా ప్రిన్సిపాల్‌గారి దగ్గరుంది. 16 వారాలకు ఎవరు ఏ రోజు ఏ బడిలో ఉంటారో పట్టిక వేశాం. నా వంతు గురువారం, బైపాస్ అవతలి జిల్లా పరిషత్ హైస్కూలు, ఏడో తరగతి, రెండో పీరియడ్. అక్కడ పాఠం చెప్పే అమ్మాయి ఈ హాల్లోనే ఉంది. వెనక బెంచీలో నాకు చోటుంచమని అమ్మాయికి చెప్పాను.